పనికొస్తుందా అంటే, ఎవరి మీద?

పోరుకు దిగబోయే ప్రాణిని ముందే చూసి, గెలుస్తుందో లేదో తేల్చి చెప్పడం మనవాళ్లకు కొత్త విద్యేమీ కాదు. అందుకోసం ఒక శాస్త్రమే రాసిపెట్టుకున్నారు. సంక్రాంతి దగ్గరపడిందంటే కోస్తాలో పంచాంగంతో పాటు కుక్కుట శాస్త్రమూ అటక మీంచి దిగుతుంది. ఈకలు ఎర్రగా ఉంటే డేగ, నల్లగా ఉంటే కాకి, తెల్లగా ఉంటే సేతువ. రెక్కల మీదో వీపు మీదో పసుపు కనిపిస్తే నెమలి. ఎరుపూ నలుపూ పసుపూ మూడూ కలిస్తే కౌజు. ఇంకా మైల, పూల, పింగళ, అబ్రాసు, గేరువా. పందేలంటే గిట్టనివాళ్లకు కూడా ఆ పేర్లు వింటుంటే ముచ్చటేస్తుంది. ఏ రోజు ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో, పుంజును ఏ దిక్కు నుంచి బరిలోకి వదలాలో కూడా ఆ పుస్తకంలో ఉంటుంది. పల్నాటి కథలో ఒక పక్షానికి రాజ్యం పోయి, వనవాసానికి వెళ్లాల్సి వచ్చింది కోడి పందెంలో ఓడినందుకే. ఏ పుంజు గెలుస్తుందన్న అంచనా మన చరిత్రలో అంత బరువు మోసింది.

మా నాయుడుపేటలో ఇప్పుడు ఈ అంచనా విద్యను నేను చూస్తున్నది మేనల్లుడి ఫోన్‌లో. వాడు ఇంటర్ చదువుతున్నాడు. సాయంత్రం ట్యూషన్ వదిలాక వాడూ, వాడి స్నేహితులూ కలిసి పోకెమాన్ గో ఆడతారు. ఇప్పుడు వీళ్ల మాటలు పక్కన కూర్చుని వింటే ఎద్దుల బేరం దగ్గర పెద్దవాళ్లు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ‘ఇది పనికిరాదు’, ‘దాన్ని వదిలెయ్’, ‘ఇది మాత్రం దాచిపెట్టు, ఎవరికీ ఇవ్వొద్దు’ అనుకుంటూ ఉంటారు. ఆ తీర్పుల వెనక ఉన్న లెక్క తెలుసుకోవాలని వాణ్ని పట్టుకున్నాను. తెలిసేకొద్దీ ఆ పిల్లల ఆలోచన మీద గౌరవం పెరిగింది.

ఆట పుట్టుక గురించి ముందు రెండు మాటలు. జపాన్‌కు చెందిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకోవడమంటే ప్రాణం. ఊళ్లు పెరిగి, చెరువులూ పొదలూ పోయి, ఆ తర్వాతి పిల్లలకు ఆ సరదా దొరకకుండా పోతోందని బాధపడి, దాన్ని వీడియో గేమ్‌లోకి తెచ్చాడు. 1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ మొదటి ఆటలు జపాన్‌లో వచ్చాయి. అప్పుడు అందులో 151 ప్రాణులు. ఇప్పుడు వెయ్యి దాటాయి. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి బంగారు పురుగును పెంచిన మన తరానికి తజిరి మనసు వేరే చెప్పనక్కర్లేదు. ఎవరి పురుగు ఎక్కువ మెరుస్తుంది, ఎవరిది గుడ్లు పెట్టింది అని మనమూ పోల్చుకున్నవాళ్లమే. ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో 2016 జూలైలో మొదలై, ఆ డిసెంబర్‌లో మన దేశానికి వచ్చింది.

ఒకరోజు వాడు ఫోన్ చూపించాడు. తెర మీద స్వాంపర్ట్ అనే నీలిరంగు ప్రాణి. నీటిదీ, నేలదీ రెండు తత్వాలూ ఉన్నది. పక్కన దాడి, రక్షణ, ఓర్పు అని మూడు గీతలు, మూడూ చివరిదాకా నిండి ఉన్నాయి.

“చూడు మామా, నాలుగు స్టార్లు. హండో అంటాం దీన్ని. నూటికి నూరు.”

“మరింకేం, రేపటి పోరులో దీన్నే పెట్టు.”

“గ్రేట్ లీగ్‌లోనా? పెట్టను మామా.”

“అన్నీ నిండుగా ఉంటే ఎందుకు పెట్టవురా?”

“నిండుగా ఉండబట్టే!”

అంటూ ఇంకోటి చూపించాడు. అదీ స్వాంపర్టే. కానీ దాడి గీత పూర్తిగా ఖాళీ, మిగతా రెండూ దాదాపు నిండుగా ఉన్నాయి. పోరుకు వెళ్లేది ఇదట. దాడి గుణం సున్నా ఉన్న ప్రాణి పోరుకు పనికొస్తుందనడం వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ లెక్క నిజం.

ఈ ఆటలో ప్రతి ప్రాణికీ జాతిని బట్టి కొంత బలం ఉంటుంది. అది కాక పుట్టుకతో వచ్చే చిన్న అంకెలు మూడు. దాడికి ఒకటి, రక్షణకు ఒకటి, ఓర్పుకు ఒకటి. ఒక్కోటి 0 నుంచి 15 దాకా. వీటన్నిటినీ, ప్రాణి ఎదిగిన స్థాయినీ కలిపి సీపీ అని ఒకే అంకెగా చూపిస్తుంది ఆట. గ్రేట్ లీగ్‌లో ఆ సీపీ 1500 దాటకూడదు. మెలిక ఇక్కడే ఉంది. సీపీ కట్టేటప్పుడు దాడి అంకె ఉన్నదున్నట్టు లెక్కలోకి వస్తుంది. రక్షణ, ఓర్పు మాత్రం వర్గమూలాలుగా వస్తాయి. దాడి నూటికి పది పెరిగితే సీపీ కూడా పది పెరుగుతుంది. రక్షణ పది పెరిగితే సీపీ ఐదు మాత్రమే పెరుగుతుంది. అంటే దాడి ఖరీదైన సరుకు, రక్షణా ఓర్పూ చవక. 1500 అనే సంచిలోకి ఖరీదైనది తక్కువ వేసుకుంటే చవకైనవి బోలెడు పడతాయి. పుట్టుకతో దాడి తక్కువున్నదాన్ని అదే 1500 లోపల ఇంకా పై స్థాయిదాకా పెంచుకోవచ్చు. అప్పుడది ఎక్కువసేపు నిలబడుతుంది. ఎక్కువసేపు నిలబడింది ఎక్కువ దెబ్బలూ కొడుతుంది. దాడి కూడా మనం భయపడేంతగా ఏమీ తగ్గదు, జాతి బలం ఎలాగూ ఉంది కదా.

అయితే దీన్ని కూడా రాతి మీద గీతలా పట్టుకోకూడదని వాడే చెప్పాడు. ఇద్దరూ ఒకే క్షణంలో పెద్ద దెబ్బ వదిలితే, దాడి అంకె ఎక్కువున్నదాని దెబ్బ ముందు పడుతుంది. ఒకే జాతివి రెండు ఎదురుపడినప్పుడు ఆ క్షణమే గెలుపోటములు తేల్చేయొచ్చు. అందుకని కొందరు కావాలనే దాడి కాస్త ఎక్కువున్నదాన్ని ఎంచుకుంటారు. ఇక సీపీకి హద్దే లేని మాస్టర్ లీగ్‌కి వెళ్తే ఇందాకటి హండో సొగసు బయటపడుతుంది. అక్కడ మూడూ నిండినదే మేలు. పదిమంది చేరి ఒక పెద్ద ప్రాణిని కొట్టే రెయిడ్‌లో అయితే దాడి నిండుగా ఉన్నదే కావాలి. ప్రాణి మారలేదు, దాని అంకెలూ మారలేదు. బరి మారితే విలువ మారిపోయింది.

ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోరాడే ఏర్పాటు ఈ ఆటలో 2018 డిసెంబర్ దాకా లేదు. అంతకుముందు రెండేళ్లకు పైగా అందరూ దాడి 15 ఉన్నవాటినే దాచుకుని, దాడి సున్నా ఉన్నవాటిని ఆటలోని ప్రొఫెసర్‌కు పంపేసి, ఒక్కోదానికి బదులుగా ఒక్కో క్యాండీ తీసుకున్నారు. తర్వాత లీగ్‌లు వచ్చేసరికి ఆ పారేసినవే కావలసి వచ్చాయి. అప్పటి తీర్పులు తెలివితక్కువవి అనను. అప్పుడున్న బరికి అవి సరైనవే. బరి అదొక్కటే అనుకోవడంతోనే వచ్చింది చిక్కు.

ఇంతకీ ఆ స్వాంపర్ట్‌కు మృత్యువు ఏదో తెలుసా? గడ్డి. ఈ ఆటలో 18 తత్వాలున్నాయి. నిప్పు, నీరు, గడ్డి, కరెంటు, రాయి, విషం, ఇలా. నిప్పు మీద నీరు, నీటి మీద గడ్డి, గడ్డి మీద నిప్పు గెలుస్తాయి. స్వాంపర్ట్‌లో నీరూ ఉంది, నేలా ఉంది. ఆ రెంటి మీదా గడ్డిదే పైచేయి కాబట్టి దెబ్బ మామూలుకన్నా రెండున్నర రెట్లకు పైగా తగులుతుంది. కరెంటు తత్వం ప్రాణులను ఆటాడించే స్వాంపర్ట్, ఒక మామూలు తీగజాతి ప్రాణి ముందు నిలవలేదు. అందుకే వీళ్ల మాటల్లో ‘ఇది మంచిది’ అన్న వాక్యం ఒంటరిగా రాదు. ‘దేని మీద?’ అని వెంటనే ఎవడో ఒకడు అడుగుతాడు.

ఆ ప్రశ్న విన్నప్పుడే నాకు కుక్కుట శాస్త్రం మీద కొత్త చూపు కలిగింది. ఆ పుస్తకాన్ని మూఢనమ్మకమని ఒక్కమాటలో కొట్టేయడం సులువు. కానీ అది అడిగిన ప్రశ్నను చూడండి. ఈ పుంజు గొప్పదా అని అడగలేదు. ఈ రోజున, ఈ జామున, ఈ దిక్కు నుంచి వదిలితే ఆ రంగు పుంజు మీద ఇది గెలుస్తుందా అని అడిగింది. బలమనేది ప్రాణిలో ఒక్కదానిలోనే ఉండదనీ, ఎదుటి ప్రాణినీ వేళనూ చోటునూ బట్టి ఉంటుందనీ ఆ రాసినవాళ్లకు తెలుసు. ప్రశ్న ఎంత చక్కగా వేసుకున్నారో, జవాబును అంత దూరాన వెతికారు. ఈక రంగులోనూ తిథిలోనూ పోరాట బలం దొరకదు. జాతి, వయసు, బరువు, తిన్న మేత, మేపిన చెయ్యి, కాలికి కట్టిన కత్తి, ఆ కత్తి కట్టినవాడి నేర్పు, పందెం తేల్చేవి ఇవి. వీటి సంగతి పుంజుల్ని పెంచేవాళ్లకు తెలియదనుకోను. తెలుసు కాబట్టే జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి, నీళ్లలో ఈత కొట్టించి పెంచుతారు. కానీ ఓడినప్పుడు మాత్రం తప్పు జాము మీదికి పోతుంది.

పోకెమాన్ ఆటగాళ్లు ఓటమిని అలా వదిలేయరు. ఫోన్ ఆటకు ముందు నుంచీ ఉన్న అసలు పోకెమాన్ ఆటలు నింటెండోవి. వాటిలో పోరాడేవాళ్లకు స్మోగన్ అనే పెద్ద సంఘం ఉంది. అక్కడ ప్రాణులను అంచెలుగా విడదీస్తారు. ఫలానాది గొప్పదని పెద్దలెవరో కూర్చుని తేల్చడం ప్రధాన పద్ధతి కాదు. నిజంగా జరిగిన పోరుల్లో ఎవరు దేన్ని ఎంత వాడారో లెక్క తీస్తారు. 15 పోరులు ఆడితే ఒక్కసారైనా ఎదురుపడే అవకాశం సగానికి సగం ఉంటే, అంటే వాడకం 4.52 శాతం దాటితే, అది పై అంచె. తగ్గితే కిందికి దిగుతుంది. మరీ మితిమీరిన బలం ఉన్నదాన్ని మాత్రం చర్చించి, ఓటు వేసి వేరే పెడతారు. ఒక ప్రాణి అంకెల్లో రవ్వంత మార్పు లేకుండానే అంచె దిగిపోవచ్చు, దాని శత్రువును ఎక్కువమంది వాడటం మొదలుపెడితే చాలు. ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. వాడకం వేరు, బలం వేరు. పదిమందీ వాడుతున్నారని పదకొండోవాడు వాడటం ఇక్కడా ఉంది. అయినా నిన్నటి తీర్పును ఇవాళ్టి పోరుతో సరిచూసుకునే అలవాటు ఉన్న చోట, తప్పు ఎక్కువకాలం బతకదు.

మొత్తం అంకెలు కలిపి చూసి మోసపోవడానికి ఈ ఆటలో పాతకాలం నుంచీ మంచి ఉదాహరణలున్నాయి. నింటెండో ఆటల్లో గుణాలు ఆరు. స్లేకింగ్ అనే కోతిలాంటి ప్రాణికి ఆ ఆరింటి మొత్తం 670. పురాణ ప్రాణుల సరసన నిలబడే అంకె. కానీ దాని స్వభావం బద్ధకం. ఒక వంతు కొట్టి, ఒక వంతు ఊరికే కూర్చుంటుంది. షకిల్ అనే ఇంకో ప్రాణికి రక్షణ 230, దాడి 10. కొట్టలేదు, పడదు. ఇక మాజికార్ప్ అనే చేప మొత్తం అంకె 200. నీళ్లలోంచి ఎగిరిపడటం తప్ప దానికి మొదట్లో ఏమీ రాదు, ఆ ఎగిరిపాటుతో ఎవరికీ ఏమీ కాదు. దాన్నే ఓపికపట్టి 20వ స్థాయిదాకా పెంచితే గ్యారడోస్ అవుతుంది, 540. పనికిరాదు అన్న మాటకు ముందు ‘ఇప్పటికి’ అని చేర్చుకోవాలని చిన్నపిల్లలకు ఆ చేప నేర్పుతుంది.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి 2014 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలది. మేనల్లుడు అప్పటికి బడికి కూడా పోని వయసు. అయినా ఆ కథ వాడికి కంఠతా వచ్చు. దక్షిణ కొరియా కుర్రాడు సెజున్ పార్క్ ఫైనల్‌కు పచిరిసు అనే ఉడుతను వెంటపెట్టుకుని వచ్చాడు. దాని మొత్తం అంకె 405. ప్రపంచ పోటీల్లో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజులవి. ముద్దొస్తుందని పెంచుకోవాల్సిందేగానీ బరిలోకి తేవాల్సింది కాదని అందరూ అనుకునే ఉడుత.

ఆ పోటీలో ఒక్కోవైపు రెండేసి ప్రాణులు జతగా దిగుతాయి. పచిరిసుకు తెలిసిన విద్యల్లో ఒకటి, శత్రువు జతగాడి మీద గురిపెట్టి వదిలే దెబ్బలను తన వైపు లాక్కోవడం. పక్కనున్న జతగాడికి ఆ వంతు ఆ దెబ్బలు తగలవు. పార్క్ జట్టులో ఉన్న పెద్ద ప్రాణి గ్యారడోస్, అదే, ఇందాకటి చేప పెరిగి అయినది. గ్యారడోస్‌కు కరెంటు దెబ్బ అంటే ప్రాణగండం. పచిరిసు ఒంటి స్వభావం ఏమిటంటే, కరెంటు తగిలితే దానికి గాయం కాకపోగా ఉన్న గాయమే మానుతుంది. జతగాణ్ని చంపే దెబ్బ దీనికి మందు. మిగతా దెబ్బలకు నిలబడేలా రక్షణ పెంచి తెచ్చాడు. ఉడుత దెబ్బలు తింటూ నిలబడింది, దాని చాటున గ్యారడోస్ బలం పుంజుకుంది. పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు.

ఎద్దుల్ని కొనేవాళ్లకు ఇది బాగా తెలిసిన విషయం. సంతలో పళ్లు చూస్తారు, గిట్టలు చూస్తారు, సుడులు చూస్తారు. అన్నీ బాగున్నా, ఇంట్లో ఉన్న ఎద్దుకు ఇది జోడీ కుదురుతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. దాపట అలవాటైనది ఎలపట నడవదు. పక్క ఎద్దు అడుగు పొట్టిదైతే, ఎంత బలమైనదైనా కాడిని ఒక పక్కకు లాగేస్తుంది. పచిరిసు గొప్పతనాన్ని దాని ఒక్కదాని అంకెల్లో వెతికితే ఎప్పటికీ దొరకదు. గ్యారడోస్ పక్కన నిలబెట్టి చూడాలి.

అదృష్టం మాటేమిటి అని అడిగాను. ఉంది. నింటెండో ఆటల్లో ప్రతి దెబ్బ తీవ్రతా 85 నుంచి 100 శాతం మధ్య ఎక్కడో పడుతుంది. 24 దెబ్బల్లో ఒకటి అనుకోకుండా ఒకటిన్నర రెట్లు తగులుతుంది. గురి 70 శాతమే ఉన్న దెబ్బ పదిసార్లకు మూడుసార్లు తప్పుతుంది. “అందుకే ఒక్క ఆట చూసి చెప్పకూడదు మామా. చానా ఆటలు ఆడాలి” అన్నాడు వాడు.

చాలా ఆటలు ఆడాలంటే ఓడిన ప్రాణి మళ్లీ రేపు లేచి రావాలి. కోడి పందెంలో లేనిది అదే. కత్తి కట్టిన పుంజుకు రెండో అవకాశం ఉండదు. నిమిషాల్లో తేలిపోతుంది. మెరుగైన పుంజు ఓడిందా, కత్తి వాటంగా తగిలిందా అన్నది తేల్చుకోవడానికి ఆ పుంజు మిగలదు. అంచనా తప్పని రుజువు చేయగలిగిన ప్రాణి ఆ రాత్రికే కూరైపోతుంది. అన్ని తరాలు గడిచినా కుక్కుట శాస్త్రం రంగుల దగ్గర ఆగిపోవడానికి నాకు తోచిన కారణం ఇదే. చంపుతూ నేర్చుకోవడం కుదరలేదు. తజిరి తన ప్రాణులు చనిపోకూడదనీ, ఓడితే సొమ్మసిల్లి పడిపోవాలనీ పట్టుబట్టాడు. పిల్లల మనసు గురించి ఆలోచించి చేసిన పని అది. కానీ దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఈ పిల్లలు నిన్న ఓడినదాన్నే ఇవాళ వేరే జతతో, వేరే వరసలో దించి చూస్తున్నారు.

తెర మీద ప్రాణికి నొప్పి లేదు, పుంజుకు ఉంది. ఆ తేడా ముందు మిగతా పోలికలన్నీ చిన్నవి. పందెం కోడి అందం మీద, పేర్ల మీద, దాన్ని పెంచే చేతుల ఓపిక మీద నాకు ప్రేమ ఉంది. కత్తి మీద లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కోడి పందేన్ని నేరమంది. 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టం ఆ డబ్బు పందేన్నీ నేరమే అంది. ఆ రెండూ సరైనవేనని నా నమ్మకం. డేగ, కాకి, సేతువ, నెమలి అనే పేర్లతో, వాటి బలాబలాల లెక్కతో ఒక తెలుగు ఆట ఎవరైనా చేస్తే ఎంత బాగుంటుంది! తత్వాలు సిద్ధంగా ఉన్నాయి, దిక్కులు ఉన్నాయి, జాములు ఉన్నాయి. రక్తం ఒక్కటే తీసేయాలి. కంప్యూటర్ చదువులు చదివే మన పిల్లలకు ఇది చేతకాని పనేమీ కాదు.

మీ ఇంట్లో ఈ ఆట ఆడే పిల్లలుంటే నాదొక మనవి. ‘అన్నిటికన్నా బలమైనది ఏదిరా’ అని మాత్రం అడక్కండి, వాళ్లు మొహమాటానికి ఏదో ఒకటి చూపించి తప్పించుకుంటారు. లీగ్‌లో జట్టుకు మూడే ప్రాణులు. ఆ మూడింటినే ఎందుకు ఎంచుకున్నావు, ఏది ముందు దింపుతావు, అది ఓడిపోయేలా ఉంటే దేన్ని మారుస్తావు, చివరిదాకా దేన్ని దాస్తావు అని అడగండి. ఫోన్ లాక్కోకుండా ఒక అరగంట పక్కన కూర్చుని వినండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంది.